ఆపరేషన్‌కి ముందు భయం తగ్గడానికి మ్యూజిక్ – థీసిస్ డిజైన్ ఎలా పెట్టుకోవాలి?

స్వాతి_ఎమ్మెస్సీ_నర్సింగ్

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ నర్సింగ్ చేస్తున్నా, వచ్చే నెల సినాప్సిస్ ఇవ్వాలి. ఆపరేషన్‌కి వెళ్లబోయే పేషెంట్ల భయం మీద మ్యూజిక్ థెరపీ ఎంతవరకు పనిచేస్తుంది అనేది టాపిక్. లైబ్రరీలో సీనియర్ల థీసిస్‌లు తిరగేస్తే దాదాపు అన్నీ ఒకే అచ్చులో ఉన్నాయి, ఒకే గ్రూపు, 30 మంది, ముందు స్కేల్ పెట్టి మార్కులు తీసుకుంటారు, వీణ మీదో ఫ్లూట్ మీదో ఒక రాగం వినిపిస్తారు, మళ్లీ స్కేల్ పెడతారు, పెయిర్డ్ టీ టెస్ట్ చేస్తారు, పి వాల్యూ (అసలు ప్రభావమే లేకపోయినా ఇంత తేడా కనపడే అవకాశం) 0.05 కన్నా తక్కువొచ్చింది కాబట్టి మ్యూజిక్ థెరపీ పనిచేసింది అని రాసేస్తారు. మా గైడ్ మేడమ్ కూడా టైమ్ లేదు, అదే చేసేయ్ అంటున్నారు.

నాకు మాత్రం మనసొప్పట్లేదు. ఎందుకో చెప్తా. మొన్న పోస్టింగ్‌లో ప్రీ ఆప్ రూమ్‌లో ఒక పెద్దావిడ ఉన్నారు, గాల్ బ్లాడర్ ఆపరేషన్. గాజులు తీసేశారు గానీ పుస్తెలతాడు తీయమంటే ససేమిరా అన్నారు, చివరికి తాడు చుట్టూ టేప్ వేశాం, ఆ హడావుడికి ఆవిడ చేతులు వణుకుతున్నాయి, బీపీ చూస్తే పైన ఉంది. కాసేపటికి వాళ్లమ్మాయి గుమ్మం దగ్గరికి వచ్చి ఇంట్లో మనవడు ఏం అల్లరి చేస్తున్నాడో చెప్తూ నిలబడింది, అంతే, ఓ పావుగంటలో ఆవిడ కుదుటపడ్డారు, బీపీ కూడా దిగింది. అక్కడ మ్యూజిక్ లేదు ఏం లేదు. అదే ఆవిడ నా స్టడీలో ఉండి చెవిలో హెడ్‌ఫోన్స్ ఉండుంటే ఆ తగ్గుదల మొత్తం నేను మ్యూజిక్ ఖాతాలో వేసేసేదాన్ని కదా.

అందుకని కంట్రోల్ గ్రూప్, అంటే పోల్చుకోవడానికి మ్యూజిక్ వినని గ్రూప్, పెట్టాలనుకుంటున్నా. కానీ ఆ గ్రూప్‌కి ఏం ఇవ్వాలి, ఏమీ ఇవ్వకుండా వదిలేయాలా, మ్యూజిక్ లేని హెడ్‌ఫోన్స్ పెట్టాలా అర్థం కావట్లేదు. 30 మందిని 15, 15గా చేస్తే సరిపోతుందా, రాగం నేనే ఎంచాలా లేక పేషెంట్‌ని అడగాలా, అసలు నేను మ్యూజిక్ థెరపిస్ట్‌ని కాదు కదా, దీన్ని థెరపీ అని పిలవొచ్చా అనేది కూడా డౌటే. రీసెర్చ్ మెథడ్స్ తెలిసినవాళ్లు, మ్యూజిక్ తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

లెక్కల_శ్రీను

స్వాతి గారూ, మీ అనుమానం నూటికి నూరు పాళ్లు కరెక్ట్. ఒకే గ్రూపు, ముందు-తర్వాత డిజైన్‌లో మార్పు వచ్చిందా లేదా అన్నదే తెలుస్తుంది, ఎందుకొచ్చిందో తెలియదు. ఇందులో రెండు గోతులున్నాయి. భయం బాగా ఎక్కువ ఉన్నవాళ్లనే ఏరి తీసుకుంటే రెండోసారి కొలిచినప్పుడు సగటు ఎలాగూ కొంచెం కిందికే జారుతుంది, మ్యూజిక్ పెట్టినా పెట్టకపోయినా. దీన్నే రిగ్రెషన్ టు ద మీన్ అంటారు. ఈ ఒక్క కారణంతోనే ఎన్నో స్టడీలు లేని ఫలితాన్ని ఉన్నట్టు చూపిస్తాయి. రెండోది దీనికి పూర్తిగా ఎదురు, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఓటీ (ఆపరేషన్ థియేటర్) పిలుపు దగ్గరపడేకొద్దీ భయం పెరుగుతుంది. ఉదాహరణకి ముందు 45 ఉంది, మ్యూజిక్ విన్నాక కూడా 45 ఉంది అనుకోండి, ఒకే గ్రూపైతే మీరు పనిచేయలేదు అని రాస్తారు. పక్కన కంట్రోల్ గ్రూపు ఉండి వాళ్లది 45 నుంచి 51కి ఎక్కింది అని తెలిస్తే అప్పుడు కథే వేరు, మ్యూజిక్ ఆ పెరుగుదలని ఆపింది అన్నమాట. కాబట్టి కంట్రోల్ గ్రూపు అనేది గైడ్ కోసమో ఎగ్జామినర్ కోసమో పెట్టేది కాదు, అది లేకపోతే మీ నంబర్‌కి అర్థమే లేదు.

ఇక 15, 15 సరిపోదు, లెక్క చూపిస్తా. ఆందోళనని కొలిచే ఎస్‌టీఏఐ స్కేల్‌లో స్టేట్ భాగం (ఆ క్షణంలో ఉన్న ఆందోళన) 20 ప్రశ్నలు, మార్కులు 20 నుంచి 80 దాకా. మీ పేషెంట్లలో స్టాండర్డ్ డీవియేషన్ (ఎస్‌డీ, మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది) 10 అనుకుందాం, రెండు గ్రూపుల మధ్య 6 మార్కుల తేడా పట్టుకోవాలి అనుకుందాం. పవర్ (నిజంగా తేడా ఉంటే పట్టుకునే అవకాశం) 80 శాతం, సిగ్నిఫికెన్స్ (లేని తేడాని ఉందనుకునే అవకాశం) 5 శాతం పెడితే గ్రూపుకి 44 మంది కావాలి. మధ్యలో కేస్ పోస్ట్‌పోన్ అయినవాళ్లు, వద్దు అన్నవాళ్లు ఉంటారు కాబట్టి 50 చొప్పున పెట్టుకోండి. గ్రూపుకి 15 మందే ఉంటే కనీసం 10 మార్కుల పైన తేడా ఉంటే తప్ప దొరకదు, అంత తేడా మ్యూజిక్ నుంచి ఆశించడం కష్టం. ఆ 6 నేను గాల్లోంచి తీసింది కాదు, సర్జరీకి ముందు ఆందోళన మీద 2013 కోక్రేన్ రివ్యూలో (ఒక విషయం మీద వచ్చిన ట్రయల్స్ అన్నీ ఏరి కలిపి చూసే సమీక్ష) 26 ట్రయల్స్, 2051 మందిని కలిపి చూస్తే మ్యూజిక్ విన్నవాళ్లకి మామూలు కేర్ వాళ్లకన్నా ఎస్‌టీఏఐలో సగటున 5.72 మార్కులు తక్కువొచ్చింది. అయితే ఆ ట్రయల్స్‌లో బయాస్ రిస్క్ (ఫలితం ఒక పక్కకి ఒరిగే ప్రమాదం) ఎక్కువుంది, జాగ్రత్తగా చూడండి అని ఆ రివ్యూ రాసినవాళ్లే అన్నారు.

అనాలిసిస్‌లో ఒకటి మాత్రం దయచేసి చేయకండి. మ్యూజిక్ గ్రూపులో ముందు-తర్వాత పి వాల్యూ సిగ్నిఫికెంట్, కంట్రోల్ గ్రూపులో కాదు, కాబట్టి మ్యూజిక్ పనిచేసింది అని రాస్తుంటారు, అది తప్పు లాజిక్. రెండు గ్రూపుల్ని నేరుగా ఒకదానితో ఒకటి పోల్చాలి. ముందు తీసుకున్న మార్కుల్ని కోవేరియేట్‌గా పెట్టి ఆన్‌కోవా చేస్తే, అంటే మొదట్లో ఉన్న తేడాలని లెక్కలో సర్దుకుని గ్రూపుల్ని పోలిస్తే, ఇంకా మంచిది. ముందు మార్కుకీ తర్వాత మార్కుకీ కోరిలేషన్ 0.5 ఉంటే ఆ 44 కాస్తా 33కి దిగొస్తుంది, మీకు పేషెంట్లు దొరకడం కష్టమైతే ఇది చాలా ఆదా.

ర్యాండమైజేషన్, అంటే ఎవరు ఏ గ్రూపో మన ఇష్టం లేకుండా తేల్చడం, చీటీలు తీయడం లాంటిది కాదండీ. లోపలిది బయటికి కనపడని మందపాటి కవర్లు, మీద వరుస నంబర్లు, లిస్ట్ తయారుచేసేది మీరు కాకుండా ఇంకెవరైనా. పేషెంట్ సంతకం అయ్యి, మొదటి కొలత అయ్యాకే కవర్ చింపాలి. ఎందుకంటే ఈయన బాగా భయపడుతున్నాడు పాపం, మ్యూజిక్ గ్రూపులో పడితే బాగుండు అని మనకే అనిపిస్తుంది, ఆ జాలే స్టడీని పాడుచేస్తుంది.

మత్తుడాక్టర్_సికింద్రాబాద్

చెల్లె, శ్రీను సార్ లెక్కలు మంచిగ చెప్పిండు, నేను ఓటీ ముంగట ఏమైతదో చెప్త, ఎందుకంటే కాయితం మీద డిజైన్ ఎంత మంచిగున్నా అక్కడనే దెబ్బతింటది.

ఫస్టు పల్స్, బీపీని మెయిన్ అవుట్‌కమ్ (ముఖ్యంగ కొలిచే ఫలితం) పెట్టుకోకు. ఆపరేషన్ ముందు ఇచ్చే గ్లైకోపైరోలేట్ మందు ఇచ్చినమంటే పల్స్ దానంతల అదే పెరుగుతది. బీపీ ఉన్నోళ్లకు అటెనొలాల్ గోలీ పొద్దుగాల్నే ఒక గుక్క నీళ్లతోని ఏసుకొమ్మంటం, గసుంటోళ్లకు ఎంత భయమున్నా పల్స్ పెరగదు. ముందురోజు రాత్రి కొందరికి భయం తగ్గనీకి అల్ప్రాజోలమ్ గోలీ ఇస్తరు, కొందరికి ఇయ్యరు, అది ఒక్కో డాక్టర్ అలవాటు. నువ్వు మీ మత్తు డిపార్ట్‌మెంట్‌తోని ముందే మాట్లాడి రెండు గ్రూపులకు ఒకటే తీరు ఇప్పియ్యి, లేకపోతే కనీసం ఎవరికేం ఇచ్చిండ్రో కేస్ షీట్ చూసి రాసుకో. స్వీడన్‌ల 2009ల ఒక ట్రయల్ వచ్చింది, 372 మంది పేషెంట్లు, ఒక గ్రూపుకు మిడజోలమ్ (భయం తగ్గించే మత్తుమందు), ఇంకో గ్రూపుకు నెమ్మదైన మ్యూజిక్, మ్యూజిక్ గ్రూపుల భయం ఎక్కువ తగ్గింది. అది చూసి నాకు మస్తు సంతోషమైంది, ఎందుకంటే ముసలోళ్లకు మిడజోలమ్ ఇయ్యాలంటే మాకు శ్వాస గురించి రంది ఉంటది, హెడ్‌ఫోన్స్‌తోని ఆ రంది లేదు. అందుకే నీ టాపిక్ చిన్నది కాదు, మంచిగ చెయ్యి.

స్కేల్ సంగతి. 20 ప్రశ్నల ఎస్‌టీఏఐ ప్రీ ఆప్ రూమ్‌ల ఎవరు నింపుతరు చెప్పు. దానికి కాపీరైట్ ఉంటది, పర్మిషన్ కూడ తీసుకోవాలె. ఆమ్‌స్టర్‌డామ్ స్కేల్ అని ఉన్నది, 1996ల వచ్చింది, ఆపరేషన్ ముందటి భయం కోసమే చేసింది, ఆరే ప్రశ్నలు, అందులో నాలుగు భయం మీద, రెండు ఇంకేమన్న తెలుసుకోవాలనుందా అని. ఏ స్కేల్ తీసుకున్నా తెలుగుల, ఉర్దూల రాపిచ్చి, దాన్ని చూడని ఇంకొకరితోని మళ్ల ఇంగ్లిష్‌లకు తిప్పిచ్చి, రెండు సరిపోయినయా చూసుకొని, కొంతమంది పేషెంట్ల మీద ట్రై చేసినంకనే వాడు.

ఇంకోటి. 100 మిల్లీమీటర్ల గీత చూపిచ్చి మీ భయం ఎంతుందో గుర్తు పెట్టుమంటే చదువురానోళ్లు చానమంది గీత నడుమ పెట్టి ఊకుంటరు. నేను ఒక పెద్దమ్మకు అట్లనే చూపిస్తే నా మొహం చూసింది. రూపాయిల ఎంత భయమున్నది పెద్దమ్మా అన్న. బారాణా ఉన్నది బిడ్డా అని టక్కున చెప్పింది, అంటే రూపాయిల ముప్పావు వంతు. ఆపరేషన్ అయినంక నొప్పి అడిగితే ఆఠాణా అన్నది, అంటే సగం. మనోళ్లకు లోపల స్కేల్ ఉన్నది, మనం అడిగే తీరుల ఉన్నది సంగతి. కాకపోతే గిట్ల అడగాలనుకుంటే అందరినీ గట్లనే అడగాలె, మెథడ్స్‌ల అదే రాయాలె, కొందరికి గీత కొందరికి రూపాయి పెడితే పనికిరాదు.

కన్సెంట్ ముందురోజు సాయంత్రం వార్డుల తీసుకో, ప్రీ ఆప్ రూమ్‌ల కాదు. స్ట్రెచర్ మీద పండుకున్న మనిషి దేనికైనా సరే అంటడు, అది కన్సెంట్ కాదు. వేలిముద్ర వేసేటోళ్లకు స్టడీతోని సంబంధం లేని సాక్షి ఉండాలె. సీటీఆర్‌ఐ (మన దేశంల ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ మొదటి పేషెంట్‌ను తీసుకోకముందే అయిపోవాలె, 2018 ఏప్రిల్ సంది మొదలుపెట్టినంక వచ్చిన స్టడీలను ఆళ్లు తీసుకుంటలేరు. పైస ఖర్చు లేదు, ఫామ్ మాత్రం పెద్దగుంటది, కూసొని ఓపికతోని నింపు.

మ్యూజిక్ లేని హెడ్‌ఫోన్స్ కంట్రోల్‌కు పెట్టుడు నాకు నచ్చలే. భయపడుతున్న మనిషి చెవులు మూసి ఒక్కన్నే పండుకోబెడితే ఇంకింత భయపడతడు. గప్పుడు మ్యూజిక్ గ్రూపు మంచిగ కనిపిస్తది గని అది మ్యూజిక్ గొప్పతనం కాదు, కంట్రోల్‌ను మనమే ఇంకింత భయపెట్టినట్టు.

చిక్కడపల్లి_శారద

అమ్మా స్వాతీ, నేను కర్ణాటక సంగీతం పాఠాలు చెప్తాను, మ్యూజిక్ థెరపీలో శిక్షణ కూడా తీసుకున్నాను, కాబట్టి నీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. నువ్వు చేయబోయేది థెరపీ కాదు. రికార్డు చేసిన పాటని నర్సో డాక్టరో వినిపిస్తే దాన్ని మ్యూజిక్ మెడిసిన్ అంటారు. థెరపీ అంటే శిక్షణ ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని, ఆ పేషెంట్‌ని ముందు అంచనా వేసుకుని, అతని ఊపిరిని బట్టి, మాటని బట్టి అప్పటికప్పుడు పాడుతూ వాయిస్తూ మార్చుకుంటూ పోయేది, అందులో ఇద్దరి మధ్య ఏర్పడే సంబంధమే సగం మందు. శ్రీను గారు చెప్పిన కోక్రేన్ రివ్యూలో కూడా ఎక్కువ భాగం ఇలా రికార్డింగ్ వినడమే. ఇందులో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని కాదు. కానీ రెండింటినీ కలిపి థెరపీ అని రాసేస్తే పదేళ్ల తర్వాత ఆ పేపర్లన్నీ ఏరి కలిపేవాళ్లకి ఏది దేని ఫలితమో తెలియదు. నీ టైటిల్‌లో మ్యూజిక్ వినడం అని శుభ్రంగా రాసుకో, ఎవరూ తప్పుపట్టరు.

రాగం విషయానికొద్దాం. బిలహరి పాడితే ప్రాణం లేచొచ్చిందని త్యాగరాజస్వామి గురించి చెప్పుకునే కథ నేనూ మా గురువుగారి దగ్గర వింటూ పెరిగాను, ఆ భక్తి నాకుంది. కానీ రీసెర్చ్‌లో రాగం అనేది మాత్ర కాదమ్మా, ఇన్ని మిల్లీగ్రాములు అని కొలిచి ఇవ్వడానికి. ఆనందభైరవిని వీణ మీద విలంబంలో (నెమ్మదిగా) వాయిస్తే పేషెంట్ కుదుటపడ్డాడు అనుకో, పనిచేసింది ఆనందభైరవా, ఆ నిదానమైన నడకా, వీణ నాదమా, లేక వాళ్లమ్మ పెళ్లిళ్లలో పాడే పాట గుర్తొచ్చిందా. అదే ఆనందభైరవిని ద్రుతంలో (వేగంగా) తవిల్ తోడుగా నాదస్వరం మీద వినిపించి చూడు, రాగం అదే, పేషెంట్ మాత్రం లేచి కూర్చుంటాడు. ఈ రాగం ఈ జబ్బుకి అని చెప్పాలంటే ఇంకో రాగాన్ని అదే వాద్యం, అదే కళాకారుడు, అదే కాలం, అదే సౌండ్‌లో పెట్టి పోల్చాలి. రాగాల మీద వచ్చే మన పేపర్లలో ఆ పోలిక కనిపించడం చాలా అరుదు, దాని గురించి నాకు చాలా బాధ, ఎందుకంటే మన దగ్గర ఇంత సంపద పెట్టుకుని సరిగ్గా పరీక్షించకుండానే పట్టికలు అచ్చేసుకుంటున్నాం, బీపీకి ఇది, షుగర్‌కి ఇది అని.

పేషెంట్‌ని అడుగు. హైదరాబాద్ వార్డులో వరసగా నాలుగు మంచాలు చూడు, ఒకాయన పాతబస్తీ నుంచి, గజల్ కావాలంటాడు, పక్కావిడ బతుకమ్మ పాట అంటుంది, ఇంకొకరు చర్చి పాటలు, ఇంకొకరికి ఘంటసాల గొంతు వినపడితే చాలు. వీళ్లందరికీ ఒకే వీణ రికార్డింగ్ పెట్టి సగటు తీస్తే ఆ సగటు ఎవరిది. అయితే ముందే ఒక జాబితా చేసుకో, ఒక్కో రకంలో నెమ్మదిగా నడిచేవి, నిమిషానికి 60 నుంచి 80 దెబ్బల మధ్య ఉండేవి, హఠాత్తుగా డప్పులు మోగనివి, అందులోంచి వాళ్లని ఎంచుకోమను. ఇంకొక జాగ్రత్త, పాట జ్ఞాపకాన్ని మోసుకొస్తుంది. పోయిన భర్తకి ఇష్టమైన పాట ఆపరేషన్‌కి పది నిమిషాల ముందు వినిపిస్తే ఏమవుతుందో ఊహించు. ఈ పాట వింటే మీకు ఏం గుర్తొస్తుంది అని ముందురోజే ఒక మాట అడుగు, ఎప్పుడైనా తీసేయొచ్చని కూడా చెప్పు.

కంట్రోల్ గురించి ఒక మంచి నమూనా ఉంది. 2013లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది, మినియాపొలిస్ ప్రాంతం ఐసీయూల్లో వెంటిలేటర్ మీద ఉన్న 373 మంది పేషెంట్లు. మూడు గ్రూపులు, ఒకరికి తమకి నచ్చిన మ్యూజిక్ తమకి కావలసినప్పుడు వినే వీలు, ఇంకొకరికి చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్స్ మాత్రమే, మూడోవాళ్లకి మామూలు కేర్. వాళ్ల ఇష్టాలు కనుక్కుని పాటలు సమకూర్చింది మ్యూజిక్ థెరపిస్ట్. మామూలు కేర్‌తో పోలిస్తే మ్యూజిక్ గ్రూపులో ఆందోళన 100 పాయింట్ల స్కేల్ మీద 19.5 తక్కువ. ఆ మధ్య గ్రూపు ఎందుకు పెట్టారో గమనించు, ఐసీయూ చప్పుడు వినపడకపోవడం వల్లే హాయిగా ఉందా, లేక మ్యూజిక్ వల్లా అని విడదీయడానికి. ఫిన్లండ్‌లో స్ట్రోక్ పేషెంట్ల మీద 2008లో వచ్చిన స్టడీలో ఇంకా అందంగా చేశారు, 60 మందిని తీసుకుని ఒక గ్రూపుకి నచ్చిన మ్యూజిక్, ఒక గ్రూపుకి ఆడియో బుక్స్, ఒక గ్రూపుకి ఏమీ లేదు. మ్యూజిక్ గ్రూపుకి మాటల జ్ఞాపకం, ఏకాగ్రత బాగా కోలుకున్నాయి. కథ వినడంతో పోల్చారు కాబట్టే ఆ ఫలితానికి బలం.

రాసేటప్పుడు అన్నీ రాయి. మ్యూజిక్ స్టడీలు ఎలా రిపోర్ట్ చేయాలో షెరీ రాబ్ అనే పరిశోధకురాలు, ఆవిడ బృందం 2011లో మార్గదర్శకాలు ఇచ్చారు. పాట ఎవరు ఎంచారు, ఏ రికార్డింగ్, ఎంత వేగం, ఎంత సౌండ్, హెడ్‌ఫోన్సా స్పీకరా, ఎన్ని నిమిషాలు, ఎవరు పెట్టారు, గదిలో ఇంకేం చప్పుళ్లున్నాయి, ఇవన్నీ. మృదువైన సంగీతం 20 నిమిషాలు వినిపించాం అని ఒక్క వాక్యం రాస్తే నీ స్టడీని ఇంకొకరు ఇంకో ఊళ్లో మళ్లీ చేయలేరు.

బుజ్జిగాడి_అమ్మ

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, మా బాబుకి ఆటిజం, ఆరేళ్లు. మ్యూజిక్ థెరపీ సెషన్స్‌కి తీసుకెళ్తున్నా. డ్రమ్ మీద మేడమ్ రెండు కొడితే వాడూ రెండు కొట్టి ఆగుతాడు, ఆగి ఆవిడ మొహం వైపు చూస్తాడు, ఇంక మీ వంతు అన్నట్టు. ఇంట్లో పేరు పెట్టి పిలిచినా చూడనివాడు. మా బంధువుల్లో ఒక డాక్టర్ గారు మాత్రం ఆటిజంకి మ్యూజిక్ థెరపీ పనిచేయదని పెద్ద స్టడీలో తేలిపోయింది, డబ్బులు వేస్ట్ అన్నారు. ఇక్కడ మెథడ్స్ తెలిసినవాళ్లున్నారు కదా, అది నిజమేనా కొంచెం చెప్తారా.

లెక్కల_శ్రీను

అమ్మా, ఆయన చెప్తున్నది 2017లో జామాలో వచ్చిన టైమ్-ఏ ట్రయల్ అయ్యుంటుంది. 9 దేశాలు, 364 మంది పిల్లలు, నాలుగు నుంచి ఆరేళ్ల వయసు. మామూలు కేర్‌తో పాటు పేరెంట్ కౌన్సెలింగ్ అందరికీ ఇచ్చి, కొందరికి అదనంగా ఇంప్రొవైజేషన్ మ్యూజిక్ థెరపీ ఇచ్చారు. అయిదు నెలలకి ఏడాస్ అనే పరీక్షలో సోషల్ అఫెక్ట్ మార్కుల్లో తేడా రాలేదు. స్టడీ చాలా బాగా చేశారు, దాన్ని తీసిపారేయలేం. అంతకుముందు చిన్న చిన్న ట్రయల్స్‌లో కనిపించిన ఆశ పెద్ద ట్రయల్‌కి వచ్చేసరికి ఆ కొలత మీద నిలబడలేదు, ఇది మన రంగంలో అందరం తలకెక్కించుకోవాల్సిన విషయం. కానీ ఏడాస్ అనేది ముందుగా ఆటిజం ఉందా లేదా నిర్ధారించడానికి తయారుచేసిన పరీక్ష, కొద్ది నెలల్లో వచ్చే చిన్న మార్పుని పట్టుకోవడానికి అది సరిపోతుందా అన్న చర్చ ఉంది. తర్వాత 2022 కోక్రేన్ అప్‌డేట్‌లో 26 స్టడీలు, 1165 మందిని కలిపి చూస్తే మొత్తం మీద మెరుగయ్యే అవకాశం మ్యూజిక్ థెరపీతో బహుశా ఎక్కువ అని వచ్చింది, పలకరింపు, మాటలు లాంటి వాటిలో మాత్రం థెరపీ అవ్వగానే స్పష్టమైన తేడా కనపడలేదు. అంటే పనిచేయదని తేలిపోయింది అనడం ఎక్కువ, ఆటిజం తగ్గిపోతుంది అనడం ఇంకా ఎక్కువ.

మీ బాబు విషయంలో తెలుసుకోవాలంటే ఒక్క పిల్లాడి మీద చేసే డిజైన్లు కూడా ఉన్నాయి. మొహం చూడటం, వంతు కోసం ఆగడం ఇలా ఒకటి రెండు పనులు ఎంచుకుని, సెషన్లు లేని వారాల్లో ఎన్నిసార్లు చేస్తున్నాడు, ఉన్న వారాల్లో ఎన్నిసార్లు అని ఇంట్లో ఒకే టైమ్‌లో చిన్న వీడియోలు తీయండి. లెక్కపెట్టేది మీరు వద్దు, ఏ వీడియో ఏ వారందో తెలియని మనిషి లెక్కపెట్టాలి. తల్లి కళ్లకి ప్రతి చూపూ చూపే అనిపిస్తుంది, అది సహజం. థెరపిస్ట్ మేడమ్‌తో మాట్లాడి సెలవులు వచ్చినప్పుడు ఆ గ్యాప్‌ని వాడుకోవచ్చు, దీనికోసం బాబుకి సెషన్లు ఆపొద్దు.

స్వాతి గారూ, ఇది మీకు కూడా. మెయిన్ అవుట్‌కమ్ ఒక్కటే, ముందే రాసి పెట్టాలి, డేటా వచ్చాక ఏది బాగుంటే అది మెయిన్ అనకూడదు.

స్వాతి_ఎమ్మెస్సీ_నర్సింగ్

అందరికీ చాలా చాలా థ్యాంక్స్, నేను ఇంత ఆశించలేదు. గైడ్ మేడమ్‌కి ఈ థ్రెడ్ మొత్తం చూపించా, మొదట 100 మందా అన్నారు, లెక్క చదివాక సరే, ఇంకో మెడికల్ సర్జికల్ స్టూడెంట్‌ని డేటా కలెక్షన్‌కి తోడు పెడతా అన్నారు. ఇప్పటికి అనుకున్నది ఇది. టైటిల్‌లోంచి థెరపీ తీసేశా. జాబితాలోంచి పేషెంట్ ఎంచుకున్న పాటలు, 20 నిమిషాలు. కంట్రోల్‌కి మ్యూజిక్ లేని హెడ్‌ఫోన్స్ వద్దనుకున్నా, డాక్టర్ సార్ చెప్పింది నాకు నిజంగా అనిపించింది. వాళ్లు కూడా అదే 20 నిమిషాలు ప్రశాంతంగా పడుకుంటారు, రెండు గ్రూపుల్లోనూ నర్స్ పక్కనే ఒకే దూరంలో ఉంటుంది, మాట్లాడించదు, అడిగితే మాత్రం జవాబు చెప్తుంది. ఆడియో బుక్ ఐడియా చాలా నచ్చింది కానీ మూడో గ్రూపు పెడితే నా వల్ల కాదు. కంట్రోల్ వాళ్లకి రెండో కొలత అయిపోయాక కావాలంటే పిలుపొచ్చేదాకా పాటలు పెడతాం, లేకపోతే అన్యాయం అనిపించింది. కొలత ఆమ్‌స్టర్‌డామ్ స్కేల్‌లో భయం మార్కు ఒక్కటే మెయిన్. శ్రీను గారూ, అప్పుడు 6 మార్కులు, 10 ఎస్‌డీ లెక్క మారుతుంది కదా?

ఇంకో డౌట్, అటెండర్లు. కొంతమందికి కూతురో కొడుకో లోపలికొచ్చి నిలబడతారు, కొంతమందికి ఎవరూ ఉండరు. వాళ్లని రావొద్దనడం నాకు ఇష్టం లేదు.

లెక్కల_శ్రీను

మారుతుంది, కానీ మనకి కావాల్సింది తేడాని ఎస్‌డీతో భాగిస్తే వచ్చేది. 6 బై 10 అంటే 0.6. ఆ భయం మార్కు 4 నుంచి 20 దాకా ఉంటుంది, మీ పైలట్‌లో (ముందుగా కొద్దిమంది మీద చేసి చూసే చిన్న స్టడీలో) ఎస్‌డీ 4 వచ్చింది అనుకోండి, 2.4 మార్కుల తేడాకి అదే 44 సరిపోతుంది. పైలట్ చేయకుండా ఎస్‌డీ ఊహించి రాయకండి. పైలట్ వాళ్లని మెయిన్ స్టడీలో కలపొద్దు.

చిక్కడపల్లి_శారద

అయ్యాక ఓ ఎనిమిది పది మంది పేషెంట్లతో వార్డులో కూర్చుని మాట్లాడమ్మా, వినేటప్పుడు ఎలా అనిపించింది అని. మధ్యలో హెడ్‌ఫోన్స్ తీసేసినవాళ్లు ఉంటే వాళ్లతో తప్పకుండా. వాళ్ల మాటలు వాళ్ల భాషలోనే రాసి పెట్టుకో, ఇంగ్లిష్‌లోకి తిప్పినా అసలు మాట పక్కనుండాలి. మార్కు ఎందుకు తగ్గిందో, కొందరికి ఎందుకు తగ్గలేదో ఆ మాటల్లోనే దొరుకుతుంది. ఆ ఇంటర్వ్యూల సంగతి కూడా ఎథికల్ కమిటీ అప్లికేషన్‌లో ఇప్పుడే రాయి, తర్వాత చేరుస్తానంటే మళ్లీ పర్మిషన్‌కి తిరగాలి.

మత్తుడాక్టర్_సికింద్రాబాద్

అటెండర్లను ఆపకు చెల్లె, రానీ. ఎవరికి ఎవరొచ్చిండ్రు, ఎంతసేపున్నరు అని ఫామ్‌ల ఒక గడి పెట్టి రాసుకో, రెండు గ్రూపులల్ల ఒకటే రూల్ ఉంటే ర్యాండమైజేషన్ దాన్ని సూసుకుంటది. పాట ఎన్ని నిమిషాలు నిజంగ విన్నరో కూడ రాయి, లిస్ట్ ముంగటికి జరిగితే 20 నిమిషాలు దొరకయ్, 12కే పిలుస్తరు, గట్ల పిలిచినా ఆ పేషెంట్‌ను స్టడీలకెళ్లి తీసెయ్యకు, ఏ గ్రూపుల పడ్డడో ఆ గ్రూపులనే లెక్కగట్టు. సౌండ్ గోడ అవతల మనిషి పిలిస్తే వినపడేంతనే పెట్టు. ఇయర్ కుషన్లు ప్రతి పేషెంట్‌కు స్పిరిట్ తోని తుడువు, లేకపోతే ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ మొదటి రోజే ఆపేస్తది, ఆమె సంతకం కూడ ముందే తీసుకొని పెట్టుకో.